కాగితం వదలాలి, మట్టి పట్టుకోవాలి

మట్టి మీద ఫోటో దించడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా ఆడపడుచు నేను పని మానేసేదాకా అడుగుతూనే ఉంది. మానేశాక "ఇంతకీ ఏం చేసేదానివి వదినా?" అంటోంది. ఆవిడకి చెప్పి లాభం లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకి చెబుతాను. వాళ్లకైనా లాభం ఉంటుందని నాకు పెద్ద నమ్మకం లేదు. కిట్టు కొనుక్కుని, గ్లౌజులు తొడుక్కుని, బల్ల మీద పూలకుండీ సర్దుకుని, పని మొదలుపెట్టక ముందే పనికి ఫోటో తీసుకునే జాతి అది.

పని ఏమిటో ముందు చెప్పేస్తాను. పాలిమర్ క్లే అనేది పేరుకి మట్టిగానీ నిజానికి మెత్తటి ప్లాస్టిక్ ముద్ద. దాన్ని చపాతీలా ఒత్తి, జిరాక్స్ కాగితాన్ని బొమ్మ కిందికి వచ్చేలా దాని మీద బోర్లించి, చెంచా వీపుతో రుద్ది, కాసేపు వదిలెయ్యాలి. తర్వాత కాగితం తడిపి బొటనవేలితో గుండ్రంగా రుద్దుతూ పోతే అది నలుసులు నలుసులుగా లేచి వస్తుంది. జిరాక్స్ మెషీన్ పోసిన నల్లపొడి మాత్రం మట్టిని పట్టుకుని ఉండిపోతుంది. అప్పుడు చిన్న కరెంటు ఓవెన్‌లో సన్నసెగ మీద కాల్చాలి. కాగితం వదలాలి, మట్టి పట్టుకోవాలి. ఇంతకు మించి ఇందులో రహస్యం ఉందని ఎవరైనా అంటే, వాళ్లు మీకు ఏదో అంటగట్టబోతున్నారని అర్థం.

అసలు పనంతా రుద్దడంలోనే ఉంది. తక్కువ రుద్దితే ఆరాక తెల్లపొర తేలుతుంది. ఎక్కువ రుద్దితే ముక్కు లేచిపోతుంది. ముక్కు లేచిపోయిన పెద్దమనుషులు మా షాపు చెత్తబుట్టలో చాలామంది ఉండేవారు. వాళ్లలో కొందరు అలాగే బాగున్నారు.

ప్రసాదరావు గారి దశ

తొంభైల చివర నేను పనిలో చేరినప్పుడు మా షాపు గుంటూరు బ్రాడీపేటలో రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కుని ఉండేది. మెమెంటోలు, గుమ్మానికి పేరు పలకలు, గృహప్రవేశాలకి దంపతుల ఫోటో పలకలు మా సరుకు. నేను డ్రాయింగు హయ్యర్ పరీక్ష పాసైనదాన్ని కాబట్టి చేతిపని నాకు పడింది. ఓనరు ప్రసాదరావు గారు. అంతకు ముందు ఆయన మిరపకాయల వ్యాపారం చేశారు, ప్రత్తి విత్తనాలు అమ్మారు, ఐస్ ఫ్యాక్టరీలో వాటా తీసుకున్నారు. ఏదీ అచ్చిరాలేదు. కొత్త వస్తువు కంటబడితే చాలు, ఆయనకి ఒళ్లు తెలిసేది కాదు. ఒకరోజు మద్రాసు నుంచి ఈ క్లే పాకెట్లు తెచ్చి బల్ల మీద గుమ్మరించారు.

"రాజ్యలక్ష్మీ, ఇక మన దశ తిరిగిందమ్మా" అన్నారు.

ఆయన దశ తిరగడం నేను అప్పటికే చూసి ఉన్నాను. అది ఎంత తిరిగినా గానుగెద్దులా ఉన్నచోటికే వచ్చేది.

ఆయనకి తోడు బావమరిది మురళి. హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు ఏదో చేసి వచ్చి, తన బల్లకి 'డిజైనర్' అని బోర్డు కావాలన్నాడు. బోర్లించి దించితే కుడి ఎడమ అవుతుంది, కాబట్టి ప్రింటు ముందే తిప్పి తియ్యి నాయనా అని చెప్పాను. "అవన్నీ నాకు తెలుసండీ" అన్నాడు. ఇచ్చిన కాగితం ఇచ్చినట్టే దించాను. బోర్డు అద్దంలో చూస్తే చక్కగా చదువుకోవచ్చు. ఎదురుగా అద్దం పెట్టుకోమని సలహా కూడా ఇచ్చాను, వినలేదు.

అక్షరాలు తిరగబడితే ఎవరికైనా తెలుస్తుంది. మనుషులు తిరగబడితే తెలియదు. మోసమంతా అక్కడుంది. పెదనందిపాడు వైపు ఒక ప్రత్తి రైతు కొత్త ఇంటికి కొడుకూ కోడళ్ల ఫోటో పలక చేయించుకున్నాడు. మురళి కింద పేరు మాత్రం తిప్పి, ఫోటోని తిప్పకుండా ప్రింటు తీశాడు. నేను ఆ వారం సెలవులో ఉన్నాను. ప్రసాదరావు గారు స్వయంగా దించి, స్వయంగా మెచ్చుకుని, పలకని పంపించేశారు. గృహప్రవేశం ఇంకా కాకముందే ఆ రైతు తల్లి పలకని చంకన పెట్టుకుని ఆటో దిగింది.

"ఏవయ్యా, మా మనవడి పెళ్లాం పైట కుడి భుజానేసుకుందేంటి?"

"అది ఇప్పటి స్టైలండి పిన్నిగారూ."

"స్టైలేంటి నా బొంద! మావాడి చొక్కా జేబు కుడేపుకెట్టా వచ్చింది? ఆ పిల్ల వాడికి ఎడంపక్కన కదా నిలబడాల, అటెందుకు పోయింది? ఇది గుమ్మంలో తగిలిస్తే ఊరు ఊరంతా నవ్వదూ?"

ప్రసాదరావు గారు పలకని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. వెనకవైపు కూడా చూశారు, అక్కడేదో ఉపాయం ఉన్నట్టు. ఆ ముసలమ్మ మట్టుకు ఆ పలకని మా గుమ్మంలోనే వదిలేసి వెళ్లిపోయింది.

నేర్చుకునేవాళ్లు రాసుకోనక్కర్లేదు, గుర్తుంచుకుంటే చాలు. బొమ్మ సరిగ్గా తిరిగిందో లేదో అక్షరాల్లో చూడకండి. పైట చూడండి, జేబు చూడండి, పాపిడి చూడండి, పుట్టుమచ్చ చూడండి. ఇంట్లోవాళ్లు మొదట చూసేది వాటినే.

కారం, దూది, గోళ్లరంగు

మీ కిట్ల మీద చల్లటి పొడి గదిలో పని చెయ్యమని రాసి ఉంటుంది. ఆ రాసినవాణ్ణి ఒక మే నెల గుంటూరులో కూర్చోబెట్టాలని నాకు చాలా కోరిక. ముద్ద చేతిలోనే జావగారిపోయేది. దాన్ని ఓనరు గారింటి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టి తీస్తూ పనిచేశాం. ప్రసాదరావు గారి భార్య ఒకసారి దాన్ని వెన్నముద్ద అనుకుని కాచడానికి పెట్టారు. ఆ కంపు ఇంట్లోంచి ఎప్పటికి పోయిందో నేను అడగలేదు.

మిరప సీజనులో ఇంకో తంటా. లారీలు బస్తాలతో వీధుల వెంట పోతుంటే గాలిలోనే కారం ఉంటుంది. తెల్లటి మట్టి మీద ఎర్రటి నలుసు ఒక్కటి వాలిందంటే, దించిన పెళ్లికూతురి బుగ్గ మీద మొటిమ లేచినట్టే. జిన్నింగ్ మిల్లు నుంచి ఎవరైనా వచ్చి బల్ల దగ్గర నిలబడ్డారా, వాళ్ల చొక్కా మీది దూది కాగితం కిందకి చేరి, కాల్చాక అక్కడ పొక్కు లేచేది. ఇక కంట్లో కారం పడటం అనేది రోజూ ఎవరో ఒకరికి ఉండేదే. కొంగుని ఉండగా చుట్టి, నోటి దగ్గర పెట్టుకుని వేడిగా ఊది, కంటికి అద్దుకునేవాళ్లం. మా వైపు ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చే వైద్యం అది.

గోళ్లరంగు గురించి ఒక్క మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కాల్చిన పలకకి మెరుపు రావాలని రంగులేని గోళ్లరంగు పూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పూసిన రోజు అద్దంలా ఉంటుంది. తర్వాత అది మట్టిని తినేసి జిగురు జిగురుగా తయారవుతుంది. వీధిలోని దుమ్మంతా వచ్చి దానికి అంటుకుంటుంది. ప్రసాదరావు గారు ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారి సన్మానానికి అలాంటిదే ఇచ్చారు. కొన్నాళ్లకి ఆ పలక మీద ఆయనకి గడ్డం మొలిచింది. ఇంత చెప్పినా మీలో సగం మంది రేపు గోళ్లరంగే పూస్తారని తెలుసు. పూసుకోండి.

కనిగిరి నుంచి వచ్చిన ఫోటో

సువార్తమ్మ కనిగిరి అవతల ఒక పల్లెలో టీచరు. వాళ్లమ్మ ఎస్తేరమ్మ ఏటా కోతల కాలంలో కూలి ముఠాతో కలిసి గుంటూరు వైపు వచ్చి, మిరపకాయలు కోసి, ఆ కష్టంతోనే కూతురిని టీచర్ ట్రైనింగ్ దాకా చదివించింది. ఆ ఏడు ఒంట్లో బాగుండక ఇంటి దగ్గరే ఉండిపోయింది. ముఠా ఇటు వచ్చేశాక అక్కడ ప్రాణం పోయింది. పాతిపెట్టేటప్పుడు తోటి ఆడవాళ్లు ఒక్కరూ లేరు. ఆవిడ విడిగా ఎన్నడూ ఫోటో దిగలేదు. చర్చి ప్రతిష్ఠ రోజు తీసిన గ్రూపు ఫోటోలో వెనక వరసలో, తల మీద కొంగుతో నిలబడి ఉంది. ప్రపంచంలో ఆవిడ బొమ్మ అదొక్కటే. నవంబరులో సమాధుల పండుగకి అమ్మ సమాధి మీద అమ్మ మొహం ఉండాలని సువార్తమ్మ వచ్చింది.

"పేరు చెక్కిస్తే సరిపోదాండీ?" అన్నాడు మురళి.

"అమ్మతో కోతకి పోయినవాళ్లకి చదువు రాదండీ. తలా ఒక ఊరివాళ్లు. పండగరోజు వస్తామని కబురు పెట్టారు. సమాధులన్నిటికీ తెల్లగా సున్నం కొడతారు కదా, ఏది అమ్మదో వాళ్లకెలా తెలుస్తుంది? వాళ్లంతట వాళ్లు చూసి గుర్తుపట్టాలి."

నేను భూతద్దం పెట్టి ఫోటో చూశాను. ఎస్తేరమ్మ కుడికన్ను సగం మూసుకుని ఉంది. ఫోటో తీసేటప్పుడు రెప్ప వేసిందేమో అనుకున్నాను.

"కాదు మేడమ్. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉంటే సుడిగాలి లేచిందంట. రెండు కళ్లలోనూ కారం పడింది. ఒకటి తెరుచుకుంది, అది తెరుచుకోలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మ అలాగే ఉంది."

నలుపులోనే దించాలని నేను చెప్పాను. ఆరుబయట ఎండలో ఉండేదానికి జిరాక్స్ నలుపే ఆగుతుంది. కానీ ప్రసాదరావు గారికి అప్పుడే కొత్త జ్వరం పట్టుకుని ఉంది. రంగుల ఇంక్‌జెట్ ప్రింటరూ, దానికో ప్రత్యేకమైన కాగితమూ కొన్నారు.

"నలుపేంటమ్మా, పాతచింతకాయ పచ్చడి! కలర్లో చేద్దాం. మురళి చూసుకుంటాడు" అని పనిని నా చేతిలోంచి లాక్కున్నారు. నాకు దాన్ని మళ్లీ చూపించను కూడా లేదు.

సువార్తమ్మ పండుగ ముందురోజు మధ్యాహ్నం వచ్చింది. ప్రసాదరావు గారు సిల్కు గుడ్డ మీద పలకని పెట్టి, సన్మానం చేస్తున్నట్టు రెండు చేతులతో అందించారు.

ఆమె చూసింది. చాలాసేపు చూసింది.

"ఈవిడ ఎవరండీ?" అంది.

"మీ అమ్మగారేనమ్మా! పదేళ్లు తగ్గించేశాం, గుర్తుపట్టలేకపోయారు చూశారా!"

నేను వెళ్లి చూశాను. పచ్చటి మేనిచాయ. నున్నటి బుగ్గలు. చెవులకి బంగారు కమ్మలు. రెండు కళ్లూ ఇంతింత తెరుచుకుని ఉన్నాయి. మురళి ఎడమకన్నుని కాపీ చేసి, తిప్పి, కుడివైపు అతికించాడు. ఆ రెండు కళ్లూ కలిసి ముక్కువైపు చూస్తున్నాయి.

"మా అమ్మకి కమ్మలు లేవు సార్."

"ఇప్పుడున్నాయిగా!"

"మా అమ్మకి ఈ కన్ను లేదు."

"దాన్నే కదండీ కష్టపడి బాగుచేసింది" అన్నాడు మురళి, మెప్పు కోసం చూస్తూ.

సువార్తమ్మ అరవలేదు. స్టూలు మీద కూర్చుంది. "రేపు వాళ్లొచ్చి ఈవిడ ముందు నిలబడి, ఎస్తేరు ఎక్కడ అని నన్ను అడుగుతారు. నేనేం చెప్పనండీ?" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో మనిషిని చెంప పగలగొట్టాలని నాకు నిజంగా అనిపించింది ఆరోజే. బావ ముందా బావమరిది ముందా అన్నది తేల్చుకోలేక ఊరుకున్నాను. కూలి మనిషి ఒంటి మీద బతుకు రాసిన గుర్తులన్నీ తుడిచేసి, ఎవరో డబ్బున్నవాళ్ల ఇల్లాలిని తెచ్చి ఆ స్థానంలో నిలబెట్టి, దానికి బాగుచెయ్యడం అని పేరు. ఈ జబ్బు మా షాపుతో పోలేదు. ఇప్పుడు ఫోన్లలోనే వేలితో నొక్కితే మొహం తెల్లబడుతుందట. మురళి ముందే పుట్టేశాడు, పాపం.

ఫోటో తీసుకుని, మురళి కంప్యూటర్ జోలికి పోకుండా, ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకి వెళ్లాను. ఆ రోజుల్లో మామూలు జిరాక్స్ మెషీన్ బొమ్మని తిప్పి ఇవ్వదు. కోచింగ్ సెంటర్లలో పాఠాలకి వాడే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు ఉండేది. మొహాన్ని పెద్దది చేసి ఆ షీటు మీద తీయించి, షీటుని వెనక్కి తిప్పి, దాన్ని మళ్లీ కాగితం మీద జిరాక్స్ తీయించాను. కాగితం మీద ఎస్తేరమ్మ ఎడమకన్ను మూసుకున్నట్టు ఉంది. దించాక అది కుడికన్ను అవుతుంది. అయినా సువార్తమ్మని పిలిచి అడిగాను. ఆమె తన కుడికంటి మీద వేలు పెట్టుకుని చూపించింది.

"ఆ నల్లమొహం మన షాపు పేరుతో బయటికి పోతుందా?" అన్నారు ప్రసాదరావు గారు.

"షాపు పేరు వెయ్యనులెండి. మీ పరువుకేం భయం లేదు."

తడిపి రుద్దడం మొదలుపెట్టాను. నుదురు వచ్చింది, కొంగు అంచు వచ్చింది, బుగ్గల ముడతలు వచ్చాయి. ఆ కన్ను దగ్గరే ఆగాను. అది కన్నంతా కలిపి ఒక వంకర గీత. కాస్త ఎక్కువ రుద్దితే కన్నే ఉండదు. కాగితం పీచు మిగిలితే ఆరాక తెల్లటి పువ్వు పడుతుంది. బొటనవేలు వదిలేసి చిటికెన వేలితో, ఊపిరి బిగబట్టి రుద్దాను. సువార్తమ్మ నా భుజం మీదుగా చూస్తూ నిలబడింది. గీత మిగిలింది.

కాల్చి, చల్లార్చి ఇచ్చేసరికి కనిగిరి బస్సులు అయిపోయాయి. ఆమెని ఆ రాత్రికి మా ఇంట్లోనే ఉంచుకున్నాను. పైపూత వేసి ఆరబెట్టే వ్యవధి లేదు. మేస్త్రీ చేతికి ఇస్తే సున్నం చేత్తోనే దాన్ని తుడుస్తాడు, ఇన్నేళ్లలో ఆ జాతిని కూడా చూశాను కాబట్టి పొద్దున్నే నేనూ బస్సెక్కాను.

మురళి చేసిన పలకని సువార్తమ్మ ఇచ్చెయ్యమంటే ప్రసాదరావు గారు ఇవ్వలేదు, 'కలర్ శాంపిల్' అని షోకేసులో పెట్టారు. వచ్చే ఎండాకాలానికి ఆ పచ్చటి మొహం నీలం తిరిగి, తర్వాత అదీ పోయింది. కొన్నాళ్లకి షాపూ పోయింది. ప్రసాదరావు గారి దశ మళ్లీ తిరిగింది, ఈసారి రొయ్యల వైపు.

పండుగరోజు

శ్మశానమంతా పిడుగురాళ్ల సున్నంతో తెల్లగా కళ్లు చెదిరేలా ఉంది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎస్తేరమ్మ సమాధి తలవైపు సిమెంటులో గూడు చేయించి, పలకని నా చేత్తోనే కూర్చోబెట్టాను. మేస్త్రీని దూరంగా నిలబడమన్నాను. సువార్తమ్మ సమాధి దగ్గర ఉండనంది. ఉంటే తనని చూసి గుర్తుపడతారని, గేటు పక్కన చెట్టు కిందికి పోయి నిలబడింది. ఇంత పట్టుదల ఎందుకమ్మా, చెయ్యి పట్టుకుని తీసుకురావచ్చుగా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

ముఠా ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. చేతుల్లో కొవ్వొత్తులు, బంతిపూలు. సమాధుల మధ్య నడుస్తూ, పలకల మీద అక్షరాల వంక చూసి చూపు తిప్పేసుకుంటూ వచ్చారు. ఒకళ్లిద్దరు మమ్మల్ని దాటి ముందుకే పోయారు. వాళ్లలో అందరికన్నా పెద్దావిడ, తెల్లచీర కట్టుకున్నావిడ, దాటబోయి ఆగింది. వంగింది.

"ఒసేయ్, ఎక్కడికే పోతున్నారు? ఇదిగో, ఇక్కడుంది!" అని కేకేసింది.

అందరూ వెనక్కి వచ్చారు. ఆవిడ నేల మీద చతికిలబడి పలకకి మొహం దగ్గరగా పెట్టింది.

"ఏమే ఎస్తేరూ, మేం వచ్చేదాకా ఆగలేకపోయావటే?"

తర్వాత తన కొంగుని ఉండగా చుట్టి, నోటి దగ్గర పెట్టుకుని వేడిగా ఊదింది. దాన్ని తీసుకెళ్లి ఆ మూసిన కంటికి అద్దింది.

"ఇంకా మండుతుందటే?" అంది.

ముట్టుకోకమ్మా, పైపూత లేదు, చెరిగిపోతుంది అన్న మాట నా నోటిదాకా వచ్చింది. జీవితమంతా అందరినీ అదే మాట అని కసిరినదాన్ని. ఆరోజు అనలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ కొంగు తీసింది. తెల్లటి కొంగు. నేను వంగి దాన్నే చూశాను. ఒక్క నల్ల నలుసు కూడా దానికి అంటుకోలేదు. ఆవిడ మళ్లీ ఊది, మళ్లీ అద్దింది.